బోటి మీద కుట్లు

నా బిడ్డ జ్వరంతో పోయిందని హైదరాబాద్ నుంచి ఫోను వచ్చిన రోజు తెలంగాణ కోసం బస్సులు బంద్ ఉన్నాయి. మా ఊరు తరిగొప్పుల నుంచి ఎట్ల పోవాలో తోచక రోడ్డు మీదే కూలబడ్డాను. ఆమె పనిచేసే దవాఖాన వాళ్లే శవాన్ని అంబులెన్సులో ఊరికి తీసుకొచ్చారు. నాకు చదువు తక్కువ, రాసింది అటూఇటూ అయితే ఏమనుకోకండి.

ఆమెది ఆపరేషన్ల చదువు. బాగా లావెక్కి నడవలేని వాళ్లకు పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు చేసి, టీవీలో చూస్తూ, లోపలి కడుపును చిన్నగా చేసి కుడతారట. పెద్ద డాక్టరు పక్కన నిలబడి ఆ కుట్లు వేసేది. సెలవుకు వచ్చినప్పుడు జనగామ నుంచి మేక బోటి, అదే పేగులు, తెచ్చి అట్టపెట్టెలో పెట్టేది. పెట్టె రంధ్రాల్లోంచి పొడుగు కత్తెరల్లాంటివి దూర్చి, సెల్లుఫోనులో చూసుకుంటూ కుట్టేది.

"బిగిస్తే కోసుకపోతదమ్మా, వదులైతే కారుతది" అనేది. ఆ దారం కొన్నాళ్లకు లోపలే కరిగిపోతుందంటే నేను నమ్మలేదు.

ఒకసారి తెలంగాణ కోసమే ఊరంతా రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. హడావిడిలో ఆమె కుట్టి పక్కన పెట్టిన బోటిని కూడా కోసి కూరలో వేశాను. మా వదిన పంటికి ఊదారంగు దారం తగిలింది.

"ఏందే కోడలా, మా కడుపులు గూడ కుట్టబట్టినవా?" అంది. బంతి బంతంతా నవ్వింది.

నేను అప్పటిదాకా ఊళ్లో నా బిడ్డ గుండె డాక్టరని చెప్పుకున్నాను. ఆ నవ్వుకు తల కొట్టేసినట్టయి, "తిని బలిసినోళ్ల కడుపులు కుడుతది. గా పనే దొరికింది దీనికి" అనేశాను. పిల్ల పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఇంటికి వచ్చేటప్పుడు మెల్లగా చెప్పింది. "వాళ్లు సిగ్గుతోని తలుపులేసుకొని కూసుంటరమ్మా. గదీ రోగమే." ఆ తర్వాత కూడా బయటి ఊరివాళ్లు ఎవరడిగినా గుండె డాక్టరనే చెప్పాను.

నా బిడ్డ దినాల నాడు మహబూబాబాద్ వైపు నుంచి ఆటోలు మారి ఒకామె వచ్చింది. ఎవరూ గుర్తుపట్టలేదు. చేతుల మీద చర్మం వదులుగా వేలాడుతోంది. బంతిలో కూర్చోబెట్టి వడ్డించాను. మా దగ్గర వద్దన్నా ఇంకో గంటె వేయాల్సిందే. నేను వేయబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలక్కా. నీ బిడ్డ కుట్టిన కడుపు. గింతే పడ్తది."

పక్కనే ఉన్న వదిన నా మొహం చూసింది. గంటె పట్టుకుని నిలబడ్డాను. తల ఎత్తలేకపోయాను.

బంతి లేచింది. విస్తర్లు తీసేశారు. ఆమె ఒక్కతే పిడికెడన్నం ముందు కూర్చుని, మెతుకు మెతుకూ మెత్తగా నములుతూ ఉంది.