షెడ్డు ఫోన్‌కి కరెంటు ఆపింది నేనే

ఆరేళ్లుగా ఒక మనిషిని లోలోపల తిట్టుకుంటూ బతుకుతున్నాను. అతను నన్నన్నది ఒక్క మాట. నేనతనికి చేసింది వేరు. అయినా తిట్టుకుంటూనే ఉన్నాను, ఎందుకంటే తిట్టడం ఆపితే ఇక నా తప్పొక్కటే మిగులుతుంది, దాని బరువెంతో నాకు తెలుసు. ఇది చదువుతున్న నువ్వెవరో నాకు తెలీదు. నా మీద జాలిపడకు. విను, చాలు.

అప్పట్లో నాచారంలో, మందుసీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పని చూసేదాన్ని. ఉప్పల్ నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని. మా నాన్న రైల్వే ఉద్యోగి. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ పేరు యాదగిరి. నలభై దాటినవాడు, జనగామ దగ్గర ఊరు, ఐటీఐ చదువు. ఏ మెషీన్ మొరాయించినా అందరూ ముందు అతన్నే పిలిచేవారు. నేను ఇంజినీరింగ్ చదివాను. ఈ తేడా నాకు నిద్ర లేవగానే గుర్తొచ్చేది. అతనికి అసలు గుర్తే ఉండేది కాదు. నా మంటంతా అదే.

ఫ్యాక్టరీ అంతా కొత్త ఫోన్లు, కెమెరాలు పెట్టాలనుకున్నప్పుడు వైర్లు లాగే పని మేనేజర్ అతనికే ఇచ్చాడు. బయటివాళ్లకి ఇద్దామని నేనన్నాను. మీటింగులో అందరి ముందూ అతను నవ్వుతూ, మేడమ్‌కు కుర్సీల కూసునుడే ఎరుక, ఒక్కసారి నిచ్చెన ఎక్కమను సూద్దాం అన్నాడు. అందరూ నవ్వారు. మేనేజరూ నవ్వాడు. అంతే జరిగింది.

ఆ ఫోన్లకి విడిగా ప్లగ్గు ఉండదు. మాటలు వెళ్లే వైరులోనే కరెంటూ వెళుతుంది. ఇచ్చేది స్విచ్ అనే పెట్టె. అందులో ఒక్కో ఫోన్‌కి ఒక్కో పోర్టు. ఏ పోర్టుకి కరెంటు ఇవ్వాలో, దేనికి ఆపాలో నా కంప్యూటర్ ముందు కూర్చునే మార్చొచ్చు. పాస్‌వర్డ్ నా ఒక్కదాని దగ్గరే ఉండేది.

మొదటిసారి స్టోర్ రూము ఫోన్‌కి ఆపాను. యాదగిరి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లి, వైరు కొస కత్తిరించి, కొత్త కనెక్టర్ బిగించాడు. అతను దిగే సమయానికి తిరిగి కరెంటు ఇచ్చాను. బాగైందనుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులాగి ఇంకో పోర్టు. నిచ్చెన ఎక్కమన్నావుగా, ఎక్కు. ఇలా నెలన్నర నడిపాను. యాదగిరి లాగిన వైర్లు నిలవవన్న మాట ఫ్యాక్టరీలో పుట్టింది. పుట్టించింది నేను కాదు గానీ, టీ తాగే చోట నిట్టూర్చి దాన్ని పెంచింది నేనే. చదువులేనివాళ్లకి అప్పగిస్తే ఇంతేగా అనేదాన్ని.

ఎందుకు ఆపలేదు? ఒకటి రెండుసార్లతో కసి తీరలేదా? తీరలేదు. అసలు నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో ఉద్యోగానికి హుషారుగా వెళ్లిందే దానికోసం.

ఒక మంగళవారం, భోజనాలయ్యాక, మూతలు అచ్చుపోసే ప్రెస్సులుండే షెడ్డు ఫోన్‌కి ఆపాను. ఆ షెడ్డులోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే పెట్టి వెళ్లాలి. లోపల ఏదైనా జరిగితే మెయింటెనెన్స్ రూముకి చెప్పడానికి గోడకున్న ఆ ఒక్క ఫోనే దిక్కు. ఆ సంగతి నాకు తట్టలేదని రాద్దామనుకున్నాను, ఇప్పుడే, ఈ వాక్యం దగ్గరే. తట్టింది. తెలిసే చేశాను. టీ వేళకి కరెంటు ఇచ్చేద్దామనుకున్నాను. ఈలోపు మేనేజర్ పిలిస్తే వెళ్లి ఆయన గదిలో కూర్చున్నాను.

షెడ్డులో సరోజ అనే ఆమె ప్రెస్సు మీద పనిచేసేది. చెంగిచెర్ల నుంచి వచ్చేది. ఇరుక్కున్న మూత తీయబోతే కుడిచెయ్యి వేడి అచ్చుల మధ్య పడింది. పక్కనామె ఎర్రబటన్ నొక్కింది. మెషీన్ ఆగింది గానీ అచ్చులు తెరుచుకోలేదు. వాటిని చేత్తో తెరవడం యాదగిరికే తెలుసు. ఫోన్ ఎత్తారు. చప్పుడు లేదు. పక్కనామె ఆ ఎండలో ఆవరణ ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తింది. అతను మెయింటెనెన్స్ రూములో ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నాడు. వచ్చి అచ్చులు తెరిచాడు. సరోజను ఆటోలో దవాఖానాకి తీసుకెళ్లాడు. రెండు వేళ్లు తీసేశారు. కొంచెం ముందు బయటికి తీసుంటే దక్కేవేమో అని డాక్టరు అన్నాడట. ఆ ‘ఏమో’ని పట్టుకుని నేనెన్నిసార్లు తప్పించుకోజూశానో.

అరుపులు వినగానే నేను షెడ్డు వైపు పరుగెత్తలేదు. నా సీటు దగ్గరికి పరుగెత్తాను. పోర్టుకి కరెంటు ఇచ్చాను. ఎప్పుడు ఏది ఆగిందో స్విచ్ తనలో రాసుకుంటుంది. దాన్ని తుడిచేశాను. అప్పుడు బయటికొచ్చి, అందరితోపాటు అయ్యో అన్నాను.

విచారణ ఎక్కువసేపు సాగలేదు. యాదగిరి వైర్ల సంగతి అందరికీ తెలిసిందేగా. అతన్ని ఇక రావద్దన్నారు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చాడు. తగవుకి వచ్చాడనుకుని నేనూ సిద్ధమయ్యాను. చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు.

"మేడమ్, ఒక్క మాట అడుగుత. గా షెడ్డు వైరు మస్తు సార్లు చెక్ జేసిన, మంచిగనే ఉండె. మీ సిస్టమ్‌ల ఏమన్న కనవడ్డదా?"

"ఏమీ లేదండీ. స్విచ్ బాగానే ఉంది. వైరే అయ్యుంటుంది."

నా ముఖం కాసేపు చూశాడు. అనుమానంతో కాదు. లెక్క తేలక టీచర్‌ని అడిగేవాళ్లు చూసినట్టు.

"మీరు సదువుకున్నోళ్లు, మీరంటే గంతే ఉంటది. సరోజ నాకు చెల్లె లెక్క మేడమ్. నా చేతులతోనే గట్ల జేసుకుంటి."

వెళ్లిపోయాడు. గెలిచానని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమాడను, నిజంగానే అనిపించింది.

నాలుగు నెలల తర్వాత సరోజ మళ్లీ పనికొచ్చింది. ప్యాకింగులో కూర్చోబెట్టారు. క్యాంటీన్‌లో ఎడమచేత్తో ముద్ద కలుపుకునేది. ఒకరోజు నా పక్కన కూర్చుని, యాదన్నను ఏమనొద్దని నేను సార్లకు చెప్పిన, ఇనలేదు అంది. ఆ వారమే ఉద్యోగం మానేశాను. పశ్చాత్తాపంతో అనుకునేవు. కాదు. భయంతో.

పోయినేడు కాప్రాలో అతన్ని చూశాను. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే చిన్న కొట్టు. నేను అవతలి కొట్టు ముందు నిలబడి ఉండగా ఒకాయన వచ్చి, ఇంటికి కెమెరాలు పెట్టాలి, వైర్లు లాగుతావా అని అడిగాడు. ఆ పని తన చేతికి అచ్చిరాదని, ఇంకెవర్నన్నా చూసుకొమ్మని యాదగిరి తల తిప్పేసుకున్నాడు. నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. నన్నెందుకు నమ్మావు? ఒక్కసారి నా ముఖాన ఉమ్మేస్తే నాకూ నోరు పెగిలేదేమో. అది కూడా అతని మీదికే తోస్తున్నాను, చూశావా.

రోడ్డు దాటలేదు. స్కూటీ తీసుకుని వచ్చేశాను. ఒకరోజు దాటతానని నీకు మాటివ్వను. నా మాటకెంత విలువో చదివావుగా.

అతని వైరు బాగానే ఉంది. ఈ వాక్యం ఆరేళ్లలో ఎక్కడా రాయలేదు, ఎవరికీ అనలేదు. రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. సిగ్గులేకుండా ఆకలి వేసింది. లేచి వెళ్లి అన్నం పెట్టుకున్నాను.