గులాబీల చాటున మోచేయి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి జీవితంలో ఎంత పెద్ద సంబరమైనా సరే, ఫొటోలో దాని నాలుగు మూలలా నాలుగు పూలగుత్తులు పడకపోతే అది సంబరమే కాదని. రెండు గులాబీలు, వాటి వెనక మూడు ఆకులు, ఆకుల సందులోంచి కిందికి జారే ఒక తీగ, మొత్తానికి అడుగున పల్చటి నీడ. దీన్ని మేము 'క్లస్టర్' అనేవాళ్ళం. రీలు కెమెరాలు మూలపడి, కంప్యూటర్లో తయారయ్యే పెళ్ళి ఆల్బమ్‌లు కొత్తగా వచ్చిన కాలమది. ఖమ్మంలో మూడు నెలలు డిజైనింగ్ నేర్చుకుని (మూడో నెలలో సగం రోజులు కరెంటు లేదు, ఆ పాఠాలు నాకిప్పటికీ రావు) పాల్వంచ బస్టాండు దగ్గర ఒక స్టూడియోలో ఉద్యోగానికి చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. కళాకారుణ్ణని నాకు నేనే చెప్పుకుంటూ ఉండేవాణ్ణి, వేరే ఎవరూ చెప్పడం లేదు కాబట్టి.

మా ఓనర్ని అందరూ ఫ్లాషన్న అనేవాళ్ళు. కెమెరా ఫ్లాష్ వెలిగినప్పుడల్లా పెళ్ళివారి కంటే ముందు ఆయనే కళ్ళు మూసుకునేవాడు. ఫ్లాషన్న ఒకసారి హైదరాబాద్ నుంచి పూలూ ఆకులూ నిండిన ఒక సీడీ తెచ్చి, ప్రసాదం ఇచ్చినట్టు రెండు చేతులతో నాకిచ్చాడు. "తమ్మీ, ఫొటోల తప్పు కనబడ్డకాడ ఒక ఆకు వెయ్యి. ఆకు వేసినంక తప్పే ఉండది" అని ఉపదేశం కూడా చేశాడు. ఇక నన్ను పట్టేదెవరు. ఆవులిస్తున్న పంతులు గారి నోటి మీద తెల్ల గులాబీ, పందిట్లో ఒరిగిన ప్లాస్టిక్ కుర్చీ మీద తీగ, మూతి ముడుచుకున్న ఆడపడుచు మీద ఏకంగా ఒక పొద. కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసే ఒక పెద్దమనిషి తన కూతురి ఆల్బమ్ మొత్తం తిరగేసి, "పెండ్లి ఫంక్షన్ హాల్ల చేసినం బాబూ. ఇది చూస్తే అడివిల చేసినట్టుంది" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

అడవిలో జరిగిన పెళ్ళి కూడా ఒకటి వచ్చింది. భద్రాచలం దాటి పర్ణశాల వైపు పోయే దారిలో, తారు రోడ్డు దిగి చాలా దూరం లోపలికి నడవాల్సిన ఊరు. ఫ్లాషన్న ఒక్కడే వెళ్ళి తీసుకొచ్చాడు. నేను ఆ ఊరు చూడలేదు, ఆ మనుషుల్ని చూడలేదు. నాకు తెలిసిందల్లా కంప్యూటర్ తెర మీది ఫొటోలే. వాటిలో ఒక ఫొటో చాలా బాగా కుదిరింది. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పందిరి కింద నిలబడి ఉన్నారు, వెలుతురు చక్కగా పడింది. అయితే కుడి పక్కన ఒక ముసలావిడ. చంకలో అడ్డాకుల విస్తళ్ళ కట్ట పెట్టుకుని, కెమెరా వైపు కాకుండా పెళ్ళికూతురి వైపు చూస్తూ, నోరు తెరిచి ఏదో అంటోంది. పాత చీర, రేగిన జుట్టు. వంటల దగ్గర పనిచేసే మనిషి పొరపాటున అడ్డం వచ్చింది కాబోలు అనుకున్నాను. ఎవరని ఫ్లాషన్నను అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. సీడీలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద క్లస్టర్ తీశాను. ఏడు గులాబీలు, చుట్టూ మన వైపు ఎక్కడా మొలవని ఏవో మూడు కొసల ఆకులు. దాన్ని ఆమె మీద పరిచాను. చాలక ఇంకాస్త పెద్దది చేశాను. నీడ కూడా వేశాను. వెనక్కి వాలి చూసుకుంటే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. సిగ్గుతో చెబుతున్నాను, ఆ పేజీ చూసుకుంటూ ఆ రోజు రెండు చాయ్‌లు తాగాను.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. పని నడుస్తున్నంతసేపూ ఆకు వేరే, మనిషి వేరే. ఆకును పక్కకు జరిపితే కింద మనిషి భద్రంగా ఉంటుంది. అంతా అయ్యాక రెంటినీ కలిపి ఒకే బొమ్మగా చేసి ప్రింటుకు పంపుతాం. అట్టు మీద చల్లిన ఉల్లిపాయలు పిండిలో కలిసి కాలిపోయినట్టన్నమాట, మళ్ళీ విడదీయలేం. మా కంప్యూటర్లో చోటు చాలేది కాదు గనుక, ఆల్బమ్ ప్రింటుకు పోగానే అసలు ఫొటోలు తుడిచేయడం మా దగ్గర ఆనవాయితీ. ఆ తుడిచే పనిలో మాత్రం నేను ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

ఆల్బమ్ తీసుకెళ్ళిన వారానికి పెళ్ళికూతురు తిరిగి వచ్చింది. ఒక్కతే వచ్చింది. పసుపు కూడా ఆరని మంగళసూత్రం, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఆల్బమ్. టేబుల్ మీద పెట్టి సూటిగా ఆ పేజీకే తిప్పింది.

"అన్నా, మా అవ్వ ఏది?"

ఏ అవ్వ అన్నాను. ఆ అమ్మాయి గులాబీల పక్కన వేలు పెట్టింది. నేను చూసుకోలేదు గానీ, చివరి ఆకు దాటి ఒక మోచేయి బయటికి వచ్చి ఉంది. నల్లటి, ఎండిన మోచేయి. దాని కింద పచ్చబొట్టు చుక్కలు మూడు. "ఇది మా అవ్వదే. ఆకు జర పక్కకు జరుపు అన్నా, కింద ఉంటది" అంది. ఎంత నమ్మకంగా అందంటే, నేను నిజంగానే మౌస్ పట్టుకున్నాను. పట్టుకుని ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిప్పాను. చివరికి, ఆకు రాదమ్మా అన్నాను. ఎందుకు రాదంది. అతుక్కుపోయిందన్నాను. "పెట్టింది నువ్వే గదా?" అంది. ఉల్లిపాయ, అట్టు సంగతంతా చెప్పాను. నా ఉపమానం నాకే చప్పగా అనిపించడం అదే మొదలు.

అప్పుడు ఒక్కొక్కటే తెలిసింది. తల్లి చిన్నప్పుడే పోతే ఈ పిల్లను పెంచింది ఆ అవ్వే. పెళ్ళికి వచ్చిన జనమంతా తిన్న విస్తళ్ళు కుట్టింది ఆమే. నెల రోజులు అడవికి పోయి అడ్డాకు కోసి, పుల్లలతో కుట్టి, ఎండబెట్టి, కట్టలు కట్టింది. పెళ్ళినాడు కూడా పందిట్లోకి రాకుండా భోజనాల బంతుల దగ్గరే తిరుగుతుంటే, పెళ్ళికూతురే కేక వేసి పిలిచింది, అందుకే చంకలో కట్టతో అలాగే వచ్చేసింది. ఆమె ఉన్న ఫొటో అదొక్కటే. "నోరు తెరిచి ఏదో అంటోంది కదా" అని నేను నసిగితే, ఆ అమ్మాయి తల వంచుకుని, "పొద్దుటి నుంచి ఏం తినలే, ఇంత అన్నం తిను బిడ్డా అంటుంది" అంది. ఫ్లాషన్న ఈ మాట విని కెమెరా కార్డు తీసి చూశాడు. అప్పటికి అందులో వేరే ఊరి బారసాల ఉంది. కార్డు మళ్ళీ కెమెరాలో పెట్టేశాడు. ఆయన తిట్టని రోజు నాకు అదొక్కటే గుర్తు.

అవ్వను ఒక్కసారి తీసుకొస్తే ఫొటో తీసి ఆ పేజీలో కలిపేస్తాను, ఎవరికీ తేడా తెలియదు అని నేనే అన్నాను. నాలుగు రోజుల తర్వాత ఇద్దరూ బస్సులో వచ్చారు. గుమ్మంలోనే ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "ఫొటో ఖరాబైందని చెప్పిన. ఆకు కప్పినవని చెప్పలే" అని గొణిగింది. అవ్వ వట్టి చేతులతో రాలేదు. మా స్టూడియోకని ఒక విస్తళ్ళ కట్ట తెచ్చింది. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడింది, చేతులు రెండూ పక్కలకు ఆనించి, కొత్తగా చేరిన పోలీసులా. నవ్వమంటే ఎందుకంది. ఆ కట్ట చంకలో పెట్టుకో అవ్వా అంటే, "అది మీకు ఇచ్చేసిన గదా బిడ్డా, నాది గాదిగ" అంది. అట్లాగే తీసి, కత్తిరించి, గులాబీలు పోనూ మిగిలిన చోట అతికించాను. అంచులు కలవలేదు. కలవని చోట మళ్ళీ ఆకులు వేశాను (బుద్ధి రావడానికి అంత తొందరేముంది).

అవ్వ స్టూలు మీద కూర్చుని తెర చూస్తోంది. తన బొమ్మ చూడలేదు. ఆకు చూస్తోంది. ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగి చూసింది.

"ఇది ఏ చెట్టాకు బిడ్డా?"

"తెల్వదవ్వా. సీడీల వచ్చింది."

"దీంట్ల అన్నం తినొస్తదా?"

"రాదు."

"మందుకన్న పనికొస్తదా?"

"ఏమో అవ్వా."

"మేకలు తింటయా?"

నేను తల అడ్డంగా ఊపాను. అవ్వ తెర మీది ఆకు మీద వేలు పెట్టి, "మరి పెండ్లిల ఏం పనికి పెట్టినవ్?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆమె ఎరిగిన పెళ్ళిలో పని లేని ఆకు లేదు. మామిడాకు గుమ్మానికి, తమలపాకు చేతికి, అడ్డాకు అన్నానికి. ఈ ఆకుకూ ఏదో పని ఉండే ఉంటుందని ఆమె నమ్మకం. ఉంది కూడా. దాని పని ఆమెను కప్పడం. ఆ మాట చెప్పలేక, "అందానికి అవ్వా" అన్నాను.

ఈలోగా ఆమె చూపు, మార్చడానికని ఆల్బమ్‌లోంచి తీసి టేబుల్ మీద పెట్టిన పాత పేజీ మీద పడింది. మోచేతి దగ్గర ఆగింది. తన చేయి తిప్పి పచ్చబొట్టు చుక్కలు చూసుకుంది, మళ్ళీ పేజీ చూసింది. మనవరాలి ముఖం మాడిపోయింది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. అవ్వ మాత్రం నవ్వింది. "ఆకుల ఎనక నిలబడ్డ గదా. ఇంటికాడ గూడ గిట్లనే, కుప్ప ఎనక కూసుంటే ఎవలకు కనబడ" అంది. నేను చేసిన తప్పును తన మీద వేసుకుని, నా భుజం తట్టింది. రెండు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆ రోజు నాకు దక్కాల్సిన తిట్లు ఎవరూ పెట్టలేదు, ఇప్పటికీ అవి నాకు బాకీగానే మిగిలాయి.

కొత్త పేజీ ప్రింటు వేసి ఇస్తే ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. కొత్తదాన్ని నా వైపు జరిపి, పాతదాన్ని సంచిలో పెట్టుకుంది.

"ఇదుండనియ్ అన్నా. మా అవ్వ పెండ్లికి వచ్చింది దీంట్లనే. చెయ్యన్న ఉంది."

వాళ్ళు భద్రాచలం బస్సెక్కాక ఆ విస్తళ్ళలోనే ఫ్లాషన్నా నేనూ మధ్యాహ్నం భోజనం చేశాం. ఒక్క పుల్ల ఊడలేదు, ఒక్క చుక్క పులుసు కారలేదు.

వాళ్ళు తీసుకోని ఆ పేజీ నా దగ్గరే ఉంది. అవ్వ అందులో ఇంకా పోలీసులాగే నిలబడి ఉంది. అయితే నన్ను వేధించేది ఆ బొమ్మ కాదు. మనవరాలిని చూస్తూ, అన్నం తినమంటున్న ఆ ముఖాన్ని తెర మీద పెద్దది చేసి, అంత దగ్గరగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత గుర్తు తెచ్చుకున్నా అది నాకు గుర్తు రాదు. ఆ రోజు నేను చూసింది ముఖాన్ని కాదు, తప్పును.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. నా ఆల్బమ్‌లలో ఖాళీ చోటు ఎక్కువని పేరు. "ఇక్కడ బోసిగా ఉంది సార్, ఏదన్నా ఆకు వెయ్యండి" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. తప్పకుండా వేస్తానంటాను. ఏ చెట్టుదో, ఏం పనికొస్తుందో చెప్పమంటాను. వాళ్ళు నన్ను వింతగా చూసి, పోనీలెండి అలాగే ఉంచేయండి అంటారు. ఇరవై రెండేళ్ళ ఆ కళాకారుడు పక్కనే ఉంటే మాత్రం నొచ్చుకునేవాడు పాపం, అప్పటికే మౌస్ పట్టుకుని ఉండేవాడు.