నేను ఎంచిన లావు డిక్షనరీ

మొన్న కెనడాలోని మా హాలిఫాక్స్ హార్బర్ దాటే ఫెర్రీలో నా పక్కన కూర్చున్న కరీంనగర్ అమ్మాయి తన ఫోన్‌ను గోడమీది నోటీసు ముందు పెట్టింది. అందులోని ఇంగ్లీషంతా క్షణంలో తెలుగైపోయింది. కాలేజీలో చేరి రెండు నెలలైందట, సాయంత్రాలు కాఫీ షాపులో పనిచేస్తోందట. నేను ఇక్కడి యూనివర్సిటీలో ఇంగ్లీషు నేర్పి రిటైరయ్యానని చెప్పగానే నన్ను జాలిగా చూసింది. "అప్పట్లో డిక్షనరీలు మోసుకుంట తిరిగేటోళ్లా ఆంటీ?" అని అడిగింది. "మొయ్యడమేనా, మోయించాను కూడా" అన్నాను. ఆ పిల్ల నవ్వేసి మళ్లీ ఫోన్‌లో పడింది. నాకు మాత్రం ఎప్పటిదో ఒక జనవరి గుర్తుకొచ్చింది.

అప్పటికి మేం ఈ ఊరొచ్చి ఏడాది. మావారికి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. తెనాలిలో పదేళ్లపాటు జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన నేను మాత్రం కిటికీ దగ్గర కూర్చుని పొగమంచు చూస్తూ కాలక్షేపం చేస్తున్నాను. అంతలో కొరియా నుంచి విద్యార్థులు వెల్లువలా రావడం మొదలైంది. డిగ్రీలో చేరేముందు ఇంగ్లీషు నేర్పే విభాగంలో రెండు క్లాసులు నాలుగయ్యాయి. గదులు చాలక పక్క చర్చివాళ్ల హాలు కూడా తీసుకున్నారు. పాఠం చెప్పగలవాళ్లు ఎవరు దొరికితే వాళ్లను రమ్మన్నారు. అలా నన్నూ రమ్మన్నారు, ఒక్క టర్ముకు. ఆ విభాగం డైరెక్టరమ్మ నేను చేరినరోజే నాకో పని అప్పగించింది. క్లాసుకు ఒక డిక్షనరీ ఎంచాలి. టర్ము చివర జరిగే రాత పరీక్షకు విద్యార్థులు తీసుకురాగలిగింది ఆ ఒక్క అచ్చు పుస్తకమే. కొత్తగా వచ్చిన మనిషిని నమ్మి ఇంత పని చెప్పిందే అని నా కాళ్లు నేలమీద ఆనలేదు.

మొదటిరోజు క్లాసులో పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న నా వయసెంత అని. పక్క క్లాసులో ఇదే ప్రశ్న అడిగితే అక్కడి టీచరు మొహం ఎర్రబడిందట. నేను తెలుగుదాన్ని, నాకేం? సంవత్సరం, నెల చెప్పాను, అడిగితే నక్షత్రం కూడా చెప్పేదాన్ని. ఎవరు పెద్దో తేలితే గాని ఎవరిని ఎలా పిలవాలో తెలియదు వాళ్లకు. మనకు మాత్రం తెలుస్తుందా? వాళ్లలో అందరికన్నా పెద్దవాడు మిలిటరీ సర్వీసు ముగించుకుని వచ్చినవాడు. మిగతావాళ్లు అతన్ని తమ భాషలో అన్న అని పిలిచేవారు, నేను మనసులో పెద్దన్నయ్య అని పేరు పెట్టుకున్నాను. అతను నోట్‌బుక్ తెరిచేదాకా ఒక్కరూ పెన్ను పట్టేవారు కాదు. పరిచయాలప్పుడు అతను దాపరికం లేకుండా చెప్పాడు. ఈ పరీక్ష గట్టెక్కితే ఓడల ఇంజినీరింగులో సీటు, లేకపోతే వెనక్కి ప్రయాణం. ఇంట్లోవాళ్లు పెట్టిన గడువు ఈ టర్ముతో సరి.

యూనివర్సిటీ పుస్తకాల షాపువాళ్లు చూడమని ఐదు డిక్షనరీలు ఇచ్చారు. ఐదూ ఇంటికి తెచ్చి భోజనాల బల్లమీద పేర్చాను. లావు పుస్తకం కనబడితే కళ్లకద్దుకునే జాతి మనది. అన్నిటికన్నా లావుది, ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పేది తీసి పక్కన పెట్టాను. "బరువు చూసి కొనడానికి అదేమన్నా పుచ్చకాయా?" అన్నారు మావారు. ఆయనకేం తెలుసు డిక్షనరీల సంగతి, అనుకున్నాను. మర్నాడు క్లాసులో దాన్ని రెండు చేతులా పైకెత్తి, "ఇది మీకు బాగుందా?" అని అడిగాను. "ఎస్, టీచర్" అన్నారు అందరూ ఒకేసారి. మౌనమే అర్ధాంగీకారమైతే ఇది పూర్తి అంగీకారం కాదూ! అంతటితో ఆగానా? కళ్లజోడు పెట్టెలంత ఉండే వాళ్ల ఎలక్ట్రానిక్ డిక్షనరీలు క్లాసులో కనబడకూడదని హుకుం కూడా జారీచేశాను. వాళ్లు బుద్ధిగా సంచుల్లో దాచేసుకున్నారు.

అసలు పరీక్ష మూడు వారాల్లో ఉందనగా నమూనా పరీక్ష పెట్టాను. గంటసేపు క్లాసులో పేజీలు తిప్పే చప్పుడు తప్ప మరొకటి లేదు. ముందుగా పెద్దన్నయ్య కాగితం తీసి చూశాను. ఆరు వాక్యాలు రాశాడు, ఏడోది సగంలో ఆగిపోయింది. ఒక మాటకు అర్థం వెతికితే ఆ అర్థంలో మరో రెండు తెలియని మాటలు, వాటికోసం వెతికితే ఇంకో నాలుగు. గంటంతా ఆ పుస్తకంలోనే తిరిగాడు. నాకు కోపం వచ్చింది. అందరూ వెళ్లాక అతన్ని ఆపి, ఇది పనికిరాదని ముందే ఎందుకు చెప్పలేదని గద్దించాను. అతను తల వంచుకుని, "టీచర్ ఎంచారు. బాగాలేదని నేనెలా అంటాను?" అన్నాడు.

ఇంటికి వెళ్తుంటే మంచుగాలి మొహాన కొడుతోంది. డిగ్రీలో మా లెక్చరర్ చెప్పిన గైడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మూడేళ్లు చంకలో పెట్టుకు తిరిగాను నేను. ఎలా ఉందమ్మా అని ఆయన అడిగినప్పుడల్లా చాలా బాగుందండీ అన్నాను. అంతా తెలిసినదాన్నే, కుర్చీలోకి రాగానే మరిచిపోయాను. సిగ్గేసింది.

మర్నాడు పెద్దన్నయ్యను టీకి పిలిచాను. నీకు ఏ డిక్షనరీ కావాలని అడగలేదు, అడిగినా చెప్పడు. "నీ తర్వాతివాళ్లు చిన్నవాళ్లు కదా, వాళ్లకు ఏది పనికొస్తుంది?" అని అడిగాను. తనకోసం నోరు మెదపని మనిషి వాళ్లకోసం అరగంట మాట్లాడాడు. చివరికి ఐదు డిక్షనరీలనూ సంచిలో వేసుకుని హాస్టల్‌కు మోసుకెళ్లాడు. ప్రతి పుస్తకంలో పదేసి మాటలు ఇచ్చి, వాచీ పట్టుకుని అందరిచేతా వెతికించాడట. మూడోరోజు మధ్యరకం పుస్తకం ఒకటి నా ముందు పెట్టాడు. తేలిక ఇంగ్లీషులో అర్థం, కింద కొరియన్ మాట, ఒక చిన్న వాక్యం. "దీంట్లోకి వెళ్తే త్వరగా బయటికి రావచ్చు టీచర్" అన్నాడు. ఇంతకంటే మంచి సమీక్ష నేను ఏ పుస్తకానికీ వినలేదు.

ఇక డైరెక్టరమ్మకు చెప్పుకోవాలి. ఉద్యోగం ఊడుతుందనే అనుకుంటూ వెళ్లి, నేను తప్పు పుస్తకం ఎంచానని చెప్పేశాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "పరీక్ష హాల్లో తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం కదా డియర్" అంది. అంతే. నా ఎదుటే ఫోన్ ఎత్తి, షాపువాళ్లతో గట్టిగా మాట్లాడి, వారంలోగా పిల్లలు కొన్న పుస్తకాలు మార్పించింది. ఆ ఒక్క మాటకు నేను ఇవాళ్టికీ ఆవిడకు కృతజ్ఞురాలిని. తర్వాత నేను ఇరవైయేళ్లకు పైగా అక్కడే పనిచేశానంటే ఆవిడ చలవే.

పరీక్ష పాసైనవాళ్ల జాబితా అంటించిన రోజు పిల్లలెవరూ తమ పేర్లు ముందు చూసుకోలేదు. అందరి వేళ్లూ పెద్దన్నయ్య పేరు కోసమే వెతికాయి. ఉంది, కింద నుంచి మూడోది. ఒక అమ్మాయి ఏడ్చేసింది, నాకూ కళ్లు తడిశాయి. అతను వచ్చి నడుము వంచి నమస్కరించాడు. వెళ్లబోతూ ఆగి, ఎంతో మొహమాటపడుతూ, "సెప్టెంబర్‌లో కొత్తవాళ్లు వస్తారు టీచర్. వాళ్లను రెండుసార్లు అడగండి. మొదటిసారి ఎస్ అనే అంటారు" అన్నాడు.

ఆ రోజు నుంచి అందరినీ రెండుసార్లు అడుగుతూనే ఉన్నాను. విద్యార్థులనే కాదు, ఇంటికొచ్చిన చుట్టాలనూ. మా డైరెక్టరమ్మ రిటైరయ్యేటప్పుడు పార్టీ గీర్టీ ఏమీ వద్దని ఖరాఖండిగా చెప్పింది. సరేనని అందరూ ఊరుకున్నారు. నేను రెండ్రోజులు ఆగి మళ్లీ అడిగాను. ఆవిడ బల్లమీది కాగితాలు సర్దుకుంటూ, "చిన్నది అయితే పరవాలేదు" అంది. మనిషి మనసులో మాట పైకి రావడానికి అడిగే గడువు ఎప్పుడూ ఆ రెండ్రోజులే, మనమే ఇవ్వం.