పిట్ట కాలికి రెండు చీటీలు

రెండువేల సంవత్సరం జూన్‌లో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను సింగపూర్‌లోని ఒక పక్షుల భాండాగారానికి ప్రాజెక్ట్ లీడరుగా వేసింది. వై-టూ-కే గండం గడిచింది, లోకం మునగలేదు, దాన్ని మునగకుండా ఆపిన ఘనత మా అందరి బయోడేటాల్లోనూ చేరింది. నాతో విమానం దిగినవాళ్లకు బ్యాంకులు దక్కాయి. నాకు చచ్చిన పిట్టలు దక్కాయి. ఇంటర్వ్యూలో “ఏ రంగమైనా పర్వాలేదు” అని నా బేరం నేనే తెగ్గొట్టుకున్నాను కనుక ఎవరినీ అనడానికి లేదు. నా కింద ఇద్దరు పనిచేసేవారు. వారిలో ఒకడు రోజూ మధ్యాహ్నం మెట్ల దగ్గరికి వెళ్లి ఇంకో కంపెనీతో ఫోన్లో మాట్లాడుకునేవాడు. ఆ రోజుల్లో అది క్రమశిక్షణారాహిత్యం కాదు, ఆనవాయితీ.

పని తేలికే. కార్డుల మీది వివరాలను డేటాబేస్‌లోకి ఎక్కించి, వాటినుంచి కొత్త చీటీలు అచ్చు తీయాలి. భాండాగారంలో పక్షిని ‘స్కిన్’ అంటారు. ఒలిచిన చర్మంలో దూది కూరి, రెక్కలు ముడిచి, వెల్లకిలా పడుకోబెడతారు. కాలికి దారంతో ఒక చీటీ కట్టి ఉంటుంది. ఏ అడవిలో పట్టారు, ఎవరు పట్టారు, ఆడదా మగదా, రెక్క పొడవెంత అన్నది అందులో ఉంటుంది.

చిక్కంతా యూఫోనియాలతో వచ్చింది. ఇవి దక్షిణ అమెరికా అడవుల్లో పండ్లు తిని పాడుకునే బుల్లి పిట్టలు. మగవి చాలావరకు వీపున నీలిమందు రంగు, పొట్టన పసుపు. ఆడవి ఆకుపచ్చగా ఉండి ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. తరతరాలుగా వీటిని టానేజర్లనే అమెరికా రంగుల పిట్టల కుటుంబంలో రాశారు. అప్పుడప్పుడే జన్యువులు పరీక్షించినవాళ్లు, కాదు, ఇవి గింజలు తినే ఫించ్ పిట్టలకు చుట్టాలు అనడం మొదలుపెట్టారు.

ఆ మాట నా చెవిన వేసింది నస్రీన్. హైదరాబాదు అమ్మాయి, సింగపూర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. నాకు నలభై రెండేళ్లు, జుట్టుకు రంగు కూడా వేస్తున్నాను, అయినా మొదటి రోజే అంకుల్ అంది. మా దగ్గరున్న పద్నాలుగు యూఫోనియాల్లో ఒక ఆడపిట్ట మారుమూల అడవి నుంచి వచ్చింది. ఆ చోటి నుంచి వచ్చింది అదొక్కటే. ఆమె థీసిస్‌లో ఒక అధ్యాయం ఆ పిట్ట మీదే నిలబడి ఉంది.

“ఫ్యామిలీ అన్న గడిలో ఏం రాయాలమ్మా? సగం టానేజరు, సగం ఫించ్ అని రాజీ చేద్దామా?” అన్నాను.

“బేరాలాడనీకి గిది మోండా మార్కెట్ కాదు అంకుల్. ఫించ్ అని రాయుండ్రి. గాని పాతది కూడా కనపడాలె.”

రెండో వాక్యం నేను వినలేదు. విన్నా పట్టించుకోలేదు. మాది తెనాలిలో బియ్యం కొట్టు. బస్తాకు కొత్త చీటీ పెట్టేటప్పుడు పాతది చించెయ్యడం మా ఇంట్లో అక్షరాభ్యాసం కన్నా ముందు నేర్పే విద్య. “రెండు చీటీలున్న బస్తాకి రెండు నోళ్లురా, కొనేవాడు రెంటితోనూ బేరమాడతాడు,” అనేవాడు మా నాన్న. శుక్రవారం అంగీకార పరీక్ష. అందులో క్లయింటు సంతకం పెడితేనే అక్కడ నా ఉద్యోగం నిలిచేది. గురువారం నేను కత్తెర తీసుకుని ఆ పద్నాలుగు పిట్టల పాత చీటీలూ ఒక్కసారే కత్తిరించాను. తర్వాత పిట్టలను తీసి, తుడిచి, అచ్చేసిన కొత్త చీటీలు కట్టి, ట్రేలో ముచ్చటగా సర్దాను. ఏ పిట్టకు ఏ చీటీ అని రాసుకోలేదు. వరుస నాకు గుర్తుంటుందనుకున్నాను. కొట్లో పెరిగినవాడి జ్ఞాపకశక్తి అంటే మాటలా?

సాయంత్రం నస్రీన్ వచ్చి ట్రే తెరిచి, ఒక పచ్చటి పిట్టను ఎత్తి చూసింది. దాని కాలికి ‘మగ’ అని ఉంది.

“అంకుల్, పాత చీటీలేవి?”

చెప్పాను. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుండిపోయింది.

“చీటీ లేని పిట్ట ఉత్త ఈకల మూట. నా పిట్ట గిండ్ల ఏదో ఇగ ఎవరు చెప్తరు?”

నన్ను ఆదుకున్నది నా పిసినారితనం. కాగితం వెనక ఖాళీ ఉంటే పారేయలేను. పాత చీటీలన్నీ రబ్బరు బ్యాండు చుట్టి సొరుగులో ఉంచాను. నస్రీన్ స్కేలు తెచ్చి ఒక్కో రెక్కా కొలిచింది, నేను పాత చీటీల మీది కొలతలు చదివాను. మగవన్నీ తేలాయి. ఆడవాటిలోనూ రెండు తప్ప అన్నీ తేలాయి. మిగిలిన రెండూ ఒకే పొడవు, రెండు చీటీల్లోనూ ఒకే కొలత. అందులో ఒకటి ఆమె పిట్ట. ఆమె మళ్లీ కొలిచింది, మళ్లీ అంతే వచ్చింది. స్కేలు సంచిలో పెట్టుకుని, నాతో ఒక్క మాట మాట్లాడకుండా బిషాన్‌లోని తన గదికి వెళ్లే రైలెక్కింది.

శుక్రవారం ఉదయం భాండాగారం అధికారిణి మిసెస్ లిమ్ ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ కేకలేయలేదు. ఆ వృత్తిలో అసలు చీటీని ఎన్నటికీ తీయరని, అభిప్రాయం మారితే పక్కన ఇంకో చీటీ కడతారని, దాని మీద ఎవరు ఎప్పుడు మార్చారో రాస్తారని చెప్పారు. తేలిన పన్నెండింటికీ వాటి పాత చీటీలు తిరిగి కట్టించారు. తేలని ఆ రెండు పిట్టలకు పాత చీటీలు రెండూ కలిపి కట్టించి, మూడో చీటీ నా చేత రాయించారు. అక్కడ మొదలైంది నా బేరం.

“కంప్యూటరీకరణ సమయంలో విడిపోయాయి” అని రాస్తానన్నాను.

“హూ కట్? యూ కట్. సో యూ రైట్ లా,” అన్నారు సింగపూర్ ఇంగ్లీషులో, కత్తిరించినవాడివి నువ్వే గనక రాయాల్సిందీ నువ్వే అని.

పొడి అక్షరాలు వేస్తానన్నాను. పూర్తి పేరన్నారు. పెన్సిలుతో రాస్తానన్నాను. చెరగని సిరాసీసా నా ముందుకు జరిపారు. నా జీవితంలో ఒక్క మెట్టు కూడా దిగని బేరం అదొక్కటే.

అంగీకార పరీక్ష మీద సంతకం మాత్రం వారం తర్వాత పెట్టారు. ఈలోగా డేటాబేస్‌లో పక్షి కుటుంబం పేరుకు ఉన్న ఒక్క గడిని తీసేసి వేరే పట్టిక కట్టాను. అందులో ప్రతి అభిప్రాయమూ చెప్పినవారి పేరుతో, తేదీతో ఒక వరుస. పాతదాన్ని తుడిచే మీట అందులో పెట్టలేదు. నస్రీన్ ఆ అధ్యాయం తీసేసింది. దానివల్ల ఆమె థీసిస్ ఒక ఏడాది వెనకబడింది. ఆమె నాతో మళ్లీ మాట్లాడింది గాని, అంకుల్ అనడం మానేసి ‘సార్’ అంది. నేను కోరుకున్న గౌరవమే, రావలసిన దారిలో రాలేదు.

తర్వాత కొన్నేళ్లకు పక్షి శాస్త్రజ్ఞులు యూఫోనియాలను ఫించ్‌ల కుటుంబంలోకి మార్చారు. పట్టికలో ఒక వరుస పెరిగింది, అంతే. ఆ రెండు పిట్టల కాళ్లకు మాత్రం ‘వీటి చీటీలను కత్తిరించినది పి. కోటేశ్వరరావు, ఏది దేనిదో తెలియదు’ అని నా దస్తూరీతోనే ఉంది. ఆ తర్వాత పదహారేళ్లు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో డేటాబేసులు కట్టాను. ఎక్కడా పాత విలువ మీద కొత్తది రాయలేదు, పక్కనే రాశాను. బియ్యం బస్తాకు ఒక నోరు చాలు. రికార్డుకు ఎన్ని నోళ్లుంటే అంత మంచిది, ఒక్కోటీ ఎవరిదో రాసి ఉంటే.