పెదనాన్న ఆగే చోటు

నా చిన్నప్పుడు అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో మా ఇంటికి రెండు వీధుల అవతల మా పెదనాన్న ఉండేవారు. శనివారం ఉదయం కాలింగ్ కార్డు పట్టుకుని, తెనాలిలో ఉన్న ముసలి బంధువులకు ఫోన్ చేసి, "మీ తాతగారి అమ్మ పేరేంటి పిన్నీ? కాస్త గుర్తు తెచ్చుకో," అని బతిమాలేవారు. ఒక్క పేరు దొరికినా ఆ రోజంతా ఇంట్లో పండగే. "ఈయనకి పోయినవాళ్ళతోనే కబుర్లు. బతికున్నదాన్ని నేను పాలు తెమ్మంటే వినపడదు," అని పెద్దమ్మ దెప్పేది.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. లేఖనాల్లోని క్రీస్తు వంశావళి చదివాక, అదే వరసలో మా వంశం చెప్పేవారు. ఫలానా ఆయన ఫలానా ఆయనను కనెను అంటూ, తల్లుల పేర్లు కూడా వదలకుండా, తన దాకా వచ్చి ఆగేవారు. ఒక నిండు శ్వాస పట్టేంత సేపు. ఆ తర్వాతే ఆయన కొడుకు, మా అన్నయ్య పేరు. ఆ నిశ్శబ్దంలో హీటర్ చప్పుడొక్కటే వినిపించేది. ఎవరో గదిలోకి వచ్చి కూర్చుంటున్నట్టు అనిపించి, అమ్మ కొంగు పట్టుకునేదాన్ని.

ఒక ఏడాది ఉండబట్టలేక, అక్కడ ఎందుకు ఆగుతారని అడిగేశాను. ఆయన నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుని చెప్పారు. అన్నయ్య కంటే ముందు ఒక పాప పుట్టిందట. మా ఇళ్ళలో బిడ్డకు పేరు నాయనమ్మే పెట్టాలి. ఆ పేరుతో సంఘంలో పాస్టర్‌గారు ప్రార్థించాలి. ఆస్పత్రి వాళ్ళు పేరు అడిగితే, "ఇండియాలో మా అమ్మ చెప్పాలి, ఆగండి," అన్నారట పెదనాన్న. ఇండియా నుంచి కబురు అందేలోపే పాప ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

"తర్వాత మీరే పెట్టొచ్చుగా పెదనాన్నా?"

"పిలిస్తే తిరిగి చూడని బిడ్డకి నేనేం పేరు పెట్టను తల్లీ? దాని పేరు ప్రభువుకి తెలుసు. వెళ్ళాక అడుగుతా. అప్పటిదాకా దాని చోటు ఎవరికీ ఇవ్వను."

నేను హైస్కూల్‌కి వచ్చేసరికి ఆయనకు మతిమరుపు వచ్చింది. పేర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆయన చివరి క్రిస్మస్‌కి పెద్దమ్మ వంటగదిలో అమ్మతో అంది: "ఈసారి ఆయన ఆగకపోతే? రేపు నేనూ పోతే? ఆ పిల్ల ఉండేదని ఇంకెవరు తలుచుకుంటారే?"

ప్రార్థనలో పెదనాన్న ముత్తాతల పేర్లు ఒకదానితో ఒకటి కలిపేశారు. తన తండ్రి పేరు దగ్గర తడబడితే అన్నయ్య అందించాడు. తన పేరు చెప్పుకున్నారు. ఆగారు.

ఆ శ్వాస ఎప్పటికంటే పొడవుగా సాగింది. తర్వాత అన్నయ్య ముఖంలోకి చూశారు. ఎంత వెతుక్కున్నా ఆ పేరు రాలేదు. అన్నయ్యే తన పేరు తాను చెప్పుకున్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆయనను మట్టికి అప్పగించి ఏళ్ళయింది. ఇప్పుడు ఆ వరస చెప్పేది నేనే. ఆ చోట ఆగుతాను. పునరుత్థానాన్ని నమ్మినదాన్ని, నాకు భయం ఉండకూడదు. అయినా ఆ క్షణాన ఎవరో వచ్చిన అలికిడి వింటాను. నా కూతురు నా కొంగు గట్టిగా పట్టుకుంటుంది. నేను కాస్త పక్కకు జరిగి, ఆ వచ్చినవాళ్ళకు చోటిస్తాను.