ఆశ్చర్యానికి మార్కులు

మొత్తం నలభై ఒక్క గరిటెలు పోయాయి. అక్కవి ఇరవై మూడు, ఆమెతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లవి తొమ్మిదీ ఆరూ, నావి మూడు. దొంగలెవరూ పట్టుకుపోలేదు. ఇంగ్లీషు మాటలకు జరిమానాగా అంగన్‌వాడీ వంటగదికి చేరాయి.

ఉదయగిరిలో మా అక్క షెడ్డులో చెక్క గరిటెలు చేస్తారు. నేను ఆత్మకూరు నుంచి వారానికి రెండుసార్లు వెళ్లి లెక్కలు చూస్తాను. అక్క చేతికి ఫోనొచ్చిన దగ్గర్నుంచి దేనికైనా ఒకటే మాట. పాలు విరిగితే షాక్. బస్సు టైముకొస్తే షాక్. ఒకరోజు ఫోన్ చేసి "రేయ్, షాకైపోయినానురా!" అంది. నేను నిదానంగా టీ తాగి తర్వాతి బస్సుకు వెళ్లాను. చూస్తే పైరేకు గాలికి ఎగిరిపోయి, ఆరబెట్టిన చెక్కంతా వానకు తడిసి ఉంది.

"ఏందిరా, పిలిస్తే ఇప్పుడా వచ్చేది?"

"నువ్వు రోజుకు పదిసార్లు షాకయితే నేనెన్నిసార్లు రావాల?"

ఆ రోజే డిక్షనరీ ముందేసుకుని పట్టిక రాసి గోడకు అంటించాను. సర్‌ప్రైజ్‌కు రెండు మార్కులు, అమేజ్‌కు నాలుగు, ఆస్టానిష్‌కు ఆరు, స్టన్‌కు ఎనిమిది, షాక్‌కు పది. జరిగినదానికి మించిన మాట వాడితే ఒక గరిటె జరిమానా. నాకు చెక్కడం రాదు, నావి కొని కట్టాను.

"ఆస్టానిష్ అనేలోపల ఆశ్చర్యం ఆరిపోతాదిరా" అని అక్క సణిగింది.

కొన్నాళ్లకు నెల్లూరు నుంచి ఒక హోటళ్ల సామాన్ల వ్యాపారి వచ్చాడు. ఆయన ఆర్డరిస్తే షెడ్డు నడుస్తుంది. లేకపోతే చెన్నైకి కూలికి పోతామని అక్కతో పనిచేసే ఆ ఇద్దరూ ముందే చెప్పేశారు.

ఆయన గరిటెలు తిప్పి తిప్పి చూసి, "ఆరువందలు కావాలమ్మా, పదిరోజుల్లో" అన్నాడు.

ముగ్గురూ రోజుకు పన్నెండేసి చేసినా పదిహేడు రోజులు పడుతుంది. మామూలుగా అయితే అక్క షాకని అరిచి, ఆ ఊపులోనే ఒప్పేసుకునేది. ఈసారి నోరు తెరిచి, గోడమీది పట్టిక చూసి మూసుకుంది. ఆరా, ఎనిమిదా? పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. గరిటె పోతుందని మిగతా ఇద్దరూ తలలు వంచుకున్నారు.

వ్యాపారి మా ముఖాలు చూశాడు. "ఏందమ్మా, కుదరదా? పోనీ పన్నెండు."

అక్క మళ్లీ పట్టిక వైపు చూసింది. గడువు మారింది కాబట్టి మార్కులూ మారాలి కదా.

"పదిహేను?"

మళ్లీ మొదటినుంచి లెక్క.

"సరే తల్లీ, ఇరవై. ఇంకొక్కరోజు గూడా ఇవ్వలేను."

"సర్‌ప్రైజైనాము సార్. చేసిస్తాము" అంది అక్క, చెమట తుడుచుకుంటూ.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, అక్క షెడ్డు మధ్యలో నిలబడి "షాక్! షాక్! షాక్ రా నాయనా!" అని ఎగిరింది. ఆ ఇద్దరూ ఈలలు వేశారు. నేను లెక్కపెట్టాను. ఏడుసార్లు.

"ఇరవై రోజుల గడువుకు ఆరు మార్కులే వస్తాయక్కా. ఏడు గరిటెలు కట్టు."

"పోరా! ఆరువందల గరిటెల ఆర్డరుకు పదికి పది ఎయ్యకుంటే నీదేం లెక్క?"

పంతొమ్మిదో రోజుకే సరుకు పంపించాం. చెన్నైకి ఎవరూ పోలేదు. ఆ సంతోషంలో అక్క రెండు గరిటెలు కట్టింది. మిగతా ఐదూ ఈ రోజుకీ రాలేదు.