రెండు పొట్లాల విత్తనం

సూరత్ లింబాయత్‌లో మా మగ్గాల షెడ్డుకి సేఠ్ మనిషి నూలు తెచ్చినప్పుడల్లా ఒక పని తప్పకుండా జరుగుతుంది. ముందు మూరెడు గుడ్డ నేసి చూపిస్తాం. ఆయన సరేనంటే దాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి, రెండింటి మీదా ఇద్దరం సంతకాలు పెట్టి, చెరొకటి ఉంచుకుంటాం. తర్వాత సరుకు బాగాలేదని పేచీ వస్తే ఆ ముక్కలు బయటికి తీసి, మార్కెట్లో ఒక ముసలి దలాలు ముందు పెడతాం. ఆయన ఎవరి తప్పంటే వాళ్లది. షెడ్డు మాస్టర్‌గా ఇరవై ఏళ్లలో ఇలాంటి ముక్కలు ఎన్ని దాచానో నాకే తెలీదు. ఇంత తెలిసినవాణ్ణి మా తమ్ముడి పొలం విషయంలో ఏం వెలగబెట్టానో చెప్తాను.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. జగిత్యాల దగ్గర మా ఊరు చేరి, దీపావళి దాటేదాకా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాను. వాడికి ఉన్నది రెండెకరాలు. ఆ యాసంగిలో, అంటే రబీలో, హైబ్రిడ్ వరి విత్తనం పండిద్దామనుకున్నాడు. ఆడ, మగ వరుసలుగా నాటే మూలవిత్తనం కంపెనీయే ఇస్తుంది, పండిన విత్తనం కంపెనీయే కొంటుంది. మధ్యలో కంపెనీ తరఫున రైతులతో మాట్లాడే ఆర్గనైజర్ ఉంటాడు. అతను ఒకరోజు మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఒప్పంద కాగితంతో వచ్చాడు. మా అరుగు మీద పదిమంది కూర్చుని ఉన్నారు.

కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. తమ్ముడు దాన్ని నా చేతికిచ్చి, "జర సూడన్నా, సూరత్‌ల సేఠ్‌లతోని మాట్లాడెటోనివి" అన్నాడు. నాకు తెలుగు వచ్చు, హిందీ వచ్చు, గుజరాతీ బోర్డులు కూడబలుక్కుంటాను. ఇంగ్లిష్‌లో నా సంతకం తప్ప ఏమీ రాదు. ఆ మాట అనడానికి నోరు రాలేదు. మూడు పేజీలూ తిప్పి, అంకెలున్న చోట వేలు పెట్టి తలూపి, "అంత మంచిగనే ఉంది, పెట్టు" అన్నాను. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు, ఆ రోజు అరుగు మీద ఆ విస్తరిని నేనే. సాక్షిగా నేను కూడా సంతకం గీకాను. ఉన్నది ఒకటే కాగితం, అది ఆర్గనైజర్ సంచిలోకి పోయింది.

నేను సూరత్ తిరిగొచ్చాను. వరి పూతకొచ్చాక తమ్ముడూ మరదలూ చెరో కొస పట్టుకుని, రోజూ పొద్దెక్కాక మగ వరుసల మీదుగా తాడు లాగి పుప్పొడి దులిపేవాళ్లు. ఆ వీడియోలు షెడ్డులో అందరికీ చూపించి మురిసిపోయేవాణ్ణి. కోతలకు రెండో వేవ్ వచ్చింది. పంట కాలంలో ఒక్కసారి కూడా పొలం గట్టు తొక్కని ఆర్గనైజర్ కోతలయ్యాక వచ్చి నమూనా పట్టుకెళ్లి, వారానికి తమ్ముడికి ఫోన్ చేశాడు. బెరుకులున్నాయట, అంటే వేరే రకం కలిసిందట. కంపెనీ తీసుకోదట.

"ఒక్క బెరుకు లేకుంట ఏరినమన్నా. వాళ్లిచ్చిన ఇత్తులల్లనే కలిసింది" అని తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు. "మల్ల పరీక్ష చేపియ్యాలని కాయితంల ఏమన్న ఉందో ఏమో?"

"లేదురా" అన్నాను. ఉందో లేదో నాకేం తెలుసు! వాళ్లిచ్చిన విత్తనం పిడికెడు కూడా మిగల్లేదు, మొత్తం నారు పోసేశారు. పరీక్ష చేసేదీ కంపెనీయే, తీర్పు చెప్పేదీ కంపెనీయే. విత్తనం కావాల్సిన పంట తక్కువ ధరకి ధాన్యం కింద మిల్లుకి పోయింది. ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వస్తే, గోడ మేకుకి గుచ్చిన గుడ్డముక్కలు కనిపించాయి. నా చెప్పు తీసి నన్నే కొట్టుకోవాలనిపించింది.

మరుసటి యాసంగికి ఆర్గనైజర్ మళ్లీ వచ్చాడని తెలిసి తమ్ముడికి ఫోన్ చేశాను. మా గుడ్డముక్కల పద్ధతి విడమరిచి చెప్పాను. కంపెనీ మంచిదా చెడ్డదా అని అడగొద్దు, పేచీ వస్తే ఎవరు తేలుస్తారో అడగమన్నాను. కాగితం తెలుగులో ఉండాలి, ఒకటి మీ దగ్గర ఉండాలి. మూలవిత్తనం రెండు పొట్లాలు కట్టి, మండల వ్యవసాయాధికారి చేత ముద్ర వేయించి కంపెనీ ఒకటి, మీరొకటి ఉంచుకోవాలి. తేడా వస్తే పరీక్ష సర్కారు ల్యాబులో జరగాలి. ఒక్కడివే అడిగితే వాడు పక్కింటికి పోతాడు, అందరూ కలిసి అడగండి అన్నాను.

ఊళ్లో విత్తనం పండించేవాళ్లంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. "నా మీద నమ్మకం లేదా?" అని ఆర్గనైజర్ అలిగాడట. "నమ్మకముంటె పొట్లం కట్టనీకి ఏం నొప్పి?" అన్నాడట తమ్ముడు. పది రోజులు నాన్చి కంపెనీ ఒప్పుకుంది. ఆ సంగతి చెప్పడానికి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఇక దాచలేకపోయాను.

"తమ్మీ, ఆ రోజు నేను చదవలే. నాకు ఇంగ్లిష్ రాదురా."

"ఎరికే అన్నా."

"ఎరికనా?"

"పేజీలు తిప్పినవ్ గని నీ కండ్లు కదల్లే. సూసిన."

"మరెందుకు పెట్టినవ్‌రా సంతకం?"

"పదిమందిల నిన్నెట్ల తక్కువ జేస్తనన్నా?"

నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పట్టుకుని షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. ఇంతలో వాడు కొత్త కాగితం ఫోటో పంపాడు. తెలుగులో ఉంది, రెండు పేజీలు. కింద సాక్షి సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"చదువన్నా" అన్నాడు. "ఈపారి బయటికి చదువు, నేను వింట."

లోపల మగ్గాలు ఆడుతున్నాయి. వాడికి వినబడదేమోనని మాస్కు తీసేసి, మొదటి లైను నుంచి గట్టిగా చదివాను.